పెరట్లో సాసఫ్రాస్ చెట్టు: అడవిలోని పిలకను తవ్వి తెచ్చి నాటవచ్చునా?

కేరీ పెరడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము ఉత్తర కరొలినాలో రాలీ నగరాన్ని ఆనుకుని ఉన్న కేరీలో ఉంటున్నాము. మా వెనుక కంచె దాటగానే కాలనీ సంఘానికి చెందిన సన్నని అడవి పట్టీ ఒకటి ఉన్నది. దాని అంచున నడుమెత్తున పదిపన్నెండు సాసఫ్రాస్ మొక్కలు గుంపుగా పెరుగుతున్నాయి. ఒకే కొమ్మ మీద ఒక ఆకు మామూలు కోలగా, ఇంకొకటి బొటనవేలు విడిగా ఉన్న చేతి తొడుగులా, మరొకటి మూడు తమ్మెలతో ఉండటం చూసి మా అబ్బాయి ఆ చెట్టును మన పెరట్లోనే పెట్టాలని పట్టుబట్టాడు. నిరుడు అక్టోబరులో ఆ ఆకులు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లోకి మారినప్పుడు చూశాక నాకూ అదే కోరిక కలిగింది.

మా ఇల్లు కొత్తది. కట్టినవారు పై మట్టిని గీకివేయడం వల్ల ఎర్రటి బంకమట్టి మాత్రమే మిగిలింది. వెనుక గోడ నుంచి కంచె వరకు సుమారు నలభై అడుగుల స్థలం ఉన్నది, మధ్యాహ్నం దాకా ఎండ బాగా పడుతుంది, నేల కంచె వైపు వాలుగా ఉంటుంది. ఆ గుంపులోని ఒక మొక్కను తవ్వి తెచ్చి నాటితే బతుకుతుందా, లేక నర్సరీలో కొనుక్కోవడమే మంచిదా అన్నది నా మొదటి సందేహం. ఇది పిలకలు వేసి పెరడంతా ఆక్రమిస్తుందని ఇరుగుపొరుగువారు భయపెడుతున్నారు, అందులో నిజమెంతో కూడా తెలుసుకోవాలని ఉన్నది. కాయలు కాయాలంటే రెండు చెట్లు కావాలని ఒకచోట చదివాను.

ఇంకొక విషయం. వేసవికి గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు ఆకు నలిపి వాసన చూసి, ఇంత సువాసన ఉన్న చెట్టు వేరు కషాయానికి పనికిరాకుండా ఉండదని అన్నారు. ఇక్కడివారు పూర్వం దీని వేళ్లతో టీ కాచుకునేవారని పక్కింటి పెద్దాయన కూడా చెప్పేసరికి ఆమె ఉత్సాహం రెట్టింపైంది. తాగవచ్చునో లేదో తెలిసినవారు దయచేసి స్పష్టంగా చెప్పండి.

పీడ్‌మాంట్ మట్టి

కేరీ పెరడు గారికి నమస్కారం. మీరు పెట్టదలచిన చెట్టు మీ ప్రాంతానిదే కావడం సంతోషకరమైన విషయం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు దక్షిణ భాగం, కెనడాలోని ఒంటారియో దక్షిణ కొస మొదలుకొని ఫ్లోరిడా మధ్య భాగం, తూర్పు టెక్సస్ వరకు ఇది సహజంగా పెరుగుతుంది. కాబట్టి మీ వాతావరణం గురించి ఆలోచించవలసిన పని లేదు. ఆలోచించవలసింది వేళ్ల గురించి, నేల గురించి.

ముందుగా అడవిలోని మొక్క సంగతి చెబుతాను. మీరు చూసిన ఆ పదిపన్నెండు మొక్కలు చాలావరకు విత్తనం నుంచి వచ్చినవి కావు, సమీపంలోని ఒక పెద్ద చెట్టు వేళ్ల నుంచి లేచిన పిలకలు. పైకి ఎంత పుష్టిగా కనిపించినా పిలకకు సొంత పీచువేర్లు చాలా తక్కువగా ఉంటాయి. మట్టి తొలగించి చూస్తే వేలి లావు వేరొకటి అడ్డంగా పోతూ, దాని మీది నుంచి కాండం నిటారుగా లేచి కనిపిస్తుంది. ఆ అడ్డవేరును రెండు వైపులా నరికి మొక్కను పైకి తీస్తే, నీళ్లు తాగే వేళ్లన్నీ తల్లిచెట్టు దగ్గరే ఉండిపోతాయి, మీ చేతికి ఒక కర్ర మాత్రం వస్తుంది. విత్తనం మొక్కదైతే ఇంకొక చిక్కు. అది చిన్నప్పుడే తల్లివేరును లోతుగా దింపుతుంది, నడుమెత్తు మొక్కకు ఆ వేరు తెగకుండా తవ్వడం పార పని కాదు. పైగా ఆ స్థలం సంఘానిది కనుక, వారి అనుమతి లేకుండా తవ్వడం మరొక తలనొప్పి.

అందువల్ల స్థానిక జాతుల మొక్కలు అమ్మే నర్సరీలో, కుండీలోనే విత్తనం నుంచి పెంచిన చిన్న మొక్కను కొనండి. అడుగు, అడుగున్నర ఎత్తు మొక్క చాలు. ఆరడుగుల మొక్క దొరికితే ముచ్చటపడి కొనేవారు ఉంటారు గాని, ఈ చెట్టు విషయంలో చిన్న మొక్కే త్వరగా నేల పట్టి, రెండు మూడేళ్లలో పెద్దదానిని దాటిపోతుంది. కొనేముందు మొక్కను కుండీ నుంచి కొద్దిగా పైకి లాగి వేళ్లు చూడమని నర్సరీవారిని అడగండి. అడుగున వేళ్లు గుండ్రంగా చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్క వద్దు.

ఇక నేల. సాసఫ్రాస్‌కు కొంచెం ఆమ్ల గుణం ఉండి నీరు నిలవని నేల కావాలి. మన ఎర్ర బంకమట్టి సహజంగా ఆమ్లమే కాబట్టి సగం పని అయిపోయినట్లే. అయితే కొత్త ఇళ్ల చుట్టూ కాంక్రీటు ముక్కలు, సిమెంటు కడిగిన నీళ్లు నేలలో కలిసి ఉంటాయి, పచ్చిక కోసం ఏటేటా సున్నం చల్లడమూ ఇక్కడి అలవాటు. ఈ రెండూ నేలలోని ఆమ్ల గుణాన్ని తగ్గిస్తాయి. అప్పుడు చెట్టుకు ఇనుము అందక, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి ఆకు మొత్తం పసుపుబారిపోతుంది. రాష్ట్ర వ్యవసాయ శాఖ ప్రయోగశాల ఏప్రిల్ నుంచి నవంబరు దాకా మట్టి పరీక్ష ఉచితంగా చేసి పెడుతుంది. నమూనా పెట్టెలు మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ కార్యాలయంలో, అంటే సాగు సలహాలిచ్చే స్థానిక కార్యాలయంలో దొరుకుతాయి. ఆ ఫలితం రాకుండా ఏ మందూ, ఏ ఎరువూ కొనకండి.

నీరు ఇంకుతుందో లేదో తెలుసుకోవడానికి నాటదలచిన చోట అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. ఒకసారి ఇంకిపోయాక మళ్లీ నింపి మరునాడు చూడండి. అప్పటికీ నీళ్లు నిలిచి ఉంటే ఆ చోటు పనికిరాదు. మీ నేల వాలుగా ఉన్నదన్నారు కనుక, కంచె దగ్గరి పల్లంలో కాకుండా దానికి కొంచెం ఎగువన నాటడం మేలని నా అభిప్రాయం. తవ్వడానికి ముందు 811 నంబరుకు ఫోన్ చేసి భూగర్భ తీగలు, గొట్టాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించుకోండి, ఆ సేవకు డబ్బు తీసుకోరు.

గుంత వేళ్లముద్ద కన్నా రెండు మూడు రెట్లు వెడల్పు ఉండాలి గాని లోతు మాత్రం వేళ్లముద్ద ఎత్తును మించకూడదు. బంకమట్టిలోనైతే మొక్క మొదలు చుట్టూ ఉన్న నేల కన్నా అంగుళం రెండంగుళాలు పైకే ఉండేలా నిలపడం మంచిది. తవ్విన మట్టితోనే గుంత పూడ్చండి. గుంత నిండా కొని తెచ్చిన మెత్తటి మట్టి నింపితే, చుట్టూ ఉన్న బంకమట్టి మధ్య అది నీళ్ల తొట్టి అవుతుంది, వేళ్లు కూడా ఆ మెత్తదనం వదిలి బయటికి రావు. పైన రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులో, చెక్కపొట్టో పరచి, కాండానికి మాత్రం అది తగలకుండా చూడండి. ఇలా పరచేదాన్ని మల్చ్ అంటారు. ఇక్కడి తోటల్లో కాండం చుట్టూ పుట్టలా దాన్ని పోసే అలవాటు ఎక్కడ మొదలైందో గాని, దానివల్ల కుళ్లి చచ్చిన చెట్లు వీధికొకటి కనిపిస్తాయి.

నాటడానికి ఆకు రాలిన తరువాత, అంటే నవంబరు నుంచి మార్చి ఆరంభం వరకు అనువైన కాలం. మొదటి రెండు వేసవుల్లో వాన లేని వారాల్లో వారానికి ఒకసారి నిదానంగా, లోతుగా ఇంకేలా నీళ్లు పెట్టండి. రోజూ పైపైన తడపడం వల్ల ప్రయోజనం లేదు. మీ ప్రాంతంలో జింకల బెడద ఉన్నది కాబట్టి, నాలుగైదు అడుగుల ఎత్తు తీగవల చుట్టూ కట్టి మొక్క వాటికి అందనంత ఎదిగే దాకా ఉంచండి.

బ్లూరిడ్జ్ నీడ

పై సమాధానంతో దాదాపు పూర్తిగా ఏకీభవిస్తూ, పిలకల విషయంలో మాత్రం నా అనుభవం చెబుతాను. మేము వర్జీనియా పడమటి కొండల్లో ఉంటాము, మా స్థలంలో సాసఫ్రాస్ నాటినది కాదు, మేము రాకముందు నుంచే ఉన్నది.

పొరుగువారి భయంలో నిజం ఉన్నది. పిలకలు వేయడం ఈ చెట్టు స్వభావం. సాగు మానేసిన పొలాల్లోకి, కంచెల గట్ల వెంట మొదట వచ్చి స్థిరపడే చెట్లలో ఇదొకటి, అక్కడ ఒక్క చెట్టు వేళ్ల నుంచే పెద్ద గుంపు తయారవుతుంది. అయితే కోసే పచ్చిక మధ్యలో ఉన్న చెట్టుకు ఈ బెడద తక్కువగా కనిపిస్తుంది. లేచిన పిలక లేచినట్లే గడ్డికోత యంత్రం కిందికి పోతుంది కాబట్టి, మీరు ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ ఉండదు. చిక్కంతా పూలపాదుల్లోనే. అక్కడ పిలక కనిపించిన వెంటనే, కాండం ఇంకా మెత్తగా ఉండగానే, మట్టి కొంచెం తీసి అది వేరుకు అతుక్కున్న చోట పట్టి చీల్చివేయాలి. కత్తెరతో నేలమట్టానికి కోసి ఊరుకుంటే ఆ చోటి నుంచే రెండు మూడు చివుళ్లు వస్తాయి. వేళ్లు తెగినప్పుడు, గాయపడినప్పుడు పిలకలు మరింత పెరుగుతాయి కనుక, చెట్టు కింద మాటిమాటికీ తవ్వే పంటలు, అంటే టమాటా, వంగ, మిరప మళ్లు పెట్టకండి.

ఇక్కడ నాకొక భిన్నాభిప్రాయం ఉన్నది. ఒంటి చెట్టుగానే పెంచాలని ఎందుకనుకోవాలి? మీ కంచె అవతల ఎలాగూ అడవే ఉన్నది. కంచె వెంట పదిహేను ఇరవై అడుగుల పొడవున ఒక పట్టీ వదిలి, అక్కడ ఈ చెట్టు తన ఇష్టప్రకారం గుంపు కట్టుకునేలా విడిచిపెడితే, శరత్కాలంలో వచ్చే అందం ఒంటి చెట్టుకు రాదు. గుంపులోని కాండాలు అన్నీ ఒకే మొక్కవి కాబట్టి రంగు కూడా ఒకే ధోరణిలో మారుతుంది. పచ్చిక వైపు అంచును యంత్రంతో కోస్తూ ఉంటే హద్దు దాటదు. పీడ్‌మాంట్ మట్టి గారు చెప్పినట్లు పల్లాన్ని వదిలి కొంచెం ఎగువన నాటితే ఇది కూడా సాధ్యమే. కాలనీ సంఘం నియమాలు అడ్డురాకుండా ముందే చూసుకోండి.

ఎంత దూరంలో నాటాలన్నది మీరు అడగలేదు గాని అడగవలసిన ప్రశ్నే. పెరట్లో ఇది సాధారణంగా ముప్పై నుంచి అరవై అడుగుల ఎత్తు పెరుగుతుంది, పక్కలకు పాతిక నుంచి నలభై అడుగులు పరుచుకుంటుంది. కెంటకీ రాష్ట్రంలోని ఓవెన్స్‌బరోలో, ఈ జాతిలో అన్నింటికన్నా పెద్దదిగా పేరుపొందిన చెట్టు ఒకటి ఉన్నది, దాని మొదలు చుట్టుకొలతే ఇరవై అడుగులు దాటుతుంది. మీది అంతదాకా రాదు లెండి. కాని దీని కర్ర పెళుసు. మంచువాన కురిసి కొమ్మలకు గడ్డకట్టిన రాత్రి మీకు ఆ సంగతి తెలుస్తుంది. కాబట్టి ఇంటి గోడకు కనీసం ఇరవై అడుగుల దూరం ఉంచండి, కారు నిలిపే చోటికి కొమ్మ చేరకుండా చూడండి. చిన్నప్పుడు రెండు కాండాలు పోటీగా లేస్తే ఒకదానిని చలికాలం చివర తీసివేయడం తప్ప పెద్దగా కత్తిరింపు అక్కరలేదు.

రెండు చెట్ల మాట నిజమే. తాటిలో పోతుతాడు, పెంటితాడు వేరుగా ఉన్నట్లే ఇందులోనూ ఆడ, మగ చెట్లు వేరు. నర్సరీ మొక్క ఏదవుతుందో పూసే దాకా తెలియదు, కాయ కాయడానికి సుమారు పదేళ్లు పట్టవచ్చు. మీ వెనుక అడవిలోనే పెద్ద చెట్లు ఉంటాయి కాబట్టి, మీది ఆడదైతే జత కోసం రెండో మొక్క కొనవలసిన అవసరం రాకపోవచ్చు. ఆకు రాకముందే, వసంతం తొలినాళ్లలో పసుపుపచ్చని చిన్న పూలగుత్తులు వస్తాయి. ఆడచెట్టుకు వేసవి చివర ఎర్రటి కాడల మీద నల్లని నీలిరంగు కాయలు పండుతాయి. అవి మనకు పనికివచ్చేవి కావు, పక్షులు ఒకటీ మిగల్చవు.

జూన్, జులైలలో కొన్ని ఆకులు నిలువుగా మడిచి పట్టుదారంతో కుట్టినట్లు కనిపిస్తే దయచేసి మందు కొట్టకండి. లోపల స్పైస్‌బుష్ స్వాలోటెయిల్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు ఉంటుంది. ఆకుపచ్చని ఒంటికి ముందు భాగాన పెద్ద దొంగకళ్లు ఉండటం వల్ల చిన్న పాము తల బయటికి పెట్టినట్లు కనిపిస్తుంది. మీ అబ్బాయికి ఆకుల ఆకారాల కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుందని పందెం వేస్తాను. అది తినే ఆకు చెట్టుకు లెక్కలోనిది కాదు. ఆకును జల్లెడ చేసేది జపనీస్ పెంకుపురుగు. మంచు ఆరని ఉదయం వేళ వాటిలో చురుకుదనం ఉండదు. సబ్బునీళ్ల డబ్బా కింద పట్టి కొమ్మ తడితే అందులో రాలిపడతాయి.

బాయూ వంటిల్లు

మేము లూసియానాలో ఉంటాము, కాబట్టి ఈ చెట్టు మా వంటింటికి సంబంధించినది. అత్తగారి ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను.

వేరు కషాయం వద్దు. సాసఫ్రాస్ వేరు బెరడులోని తైలంలో అధిక భాగం సాఫ్రోల్ అనే పదార్థమే. ఎలుకల మీద జరిపిన పరీక్షల్లో అది కాలేయపు క్యాన్సర్ కలిగించినట్లు తేలడంతో, అమెరికా ఆహార ఔషధ సంస్థ 1960లో సాఫ్రోల్‌ను, సాసఫ్రాస్ తైలాన్ని ఆహార పదార్థాల్లో కలపడాన్ని నిషేధించింది. పక్కింటి పెద్దాయన చెప్పింది కూడా అబద్ధం కాదు. 1602లో బార్తలోమ్యూ గోస్నాల్డ్ నౌకలో వచ్చిన ఇంగ్లీషువారు మసాచుసెట్స్ తీరంలో దీనినే ఏరి ఓడకెక్కించుకుపోయారు, అప్పట్లో ఐరోపాలో ఇది సర్వరోగ నివారిణిగా చలామణి అయ్యేది. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో చార్లెస్ హైర్స్ అనే మందుల వ్యాపారి ప్రచారం చేసిన రూట్ బీర్ అనే తీపి పానీయానికి కూడా ఈ రుచే ఆధారం. ఇప్పుడు దుకాణాల్లో అమ్మే రూట్ బీర్‌లో కృత్రిమమైన రుచి గాని, సాఫ్రోల్ తొలగించిన సారం గాని వాడతారు. పూర్వం తాగారు కాబట్టి మంచిదేనన్న వాదన మన ఇళ్లలోనూ వింటూ ఉంటాము. కాలేయానికి నిదానంగా జరిగే హాని తాగినవారికి ఆ పూటకు తెలియదు కదా. జాజికాయలోనూ సాఫ్రోల్ ఉన్నది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నది, కాని మనం వాడేది చిటికెడు, వేరు బెరడును గిన్నెడు నీళ్లలో మరిగించి తాగడం వేరు సంగతి. గర్భిణులు, కాలేయ సమస్య ఉన్నవారు, రోజూ మందులు వాడే పెద్దలు దీని జోలికి అసలే పోకూడదు.

అయితే అత్తగారిని పూర్తిగా నిరాశపరచవలసిన పని లేదు. ఈ చెట్టు ఆకుల్లో సాఫ్రోల్ నామమాత్రం. ఆకు పొడిని ఇక్కడ ఫీలే అంటారు, అమెరికా మూలవాసులైన చోక్టా జాతివారి నుంచి లూసియానా వంటకు వచ్చిన దినుసు ఇది. గంబో అనే పులుసులాంటి వంటకాన్ని చిక్కబరచడానికి బెండకాయ ముక్కలైనా వేస్తారు, ఫీలే అయినా వేస్తారు. రెండింటిలోనూ పని చేసేది జిగురే. మీ చెట్టు నాలుగైదేళ్లది అయ్యాక, వేసవిలో తెగులు, పురుగు లేని ఆకులను కోసి, కడిగి, ఎండ తగలకుండా నీడలో గలగలమనేంత వరకు ఆరబెట్టండి. కాడలు, లావు ఈనెలు తీసివేసి మిక్సీలో మెత్తగా కొట్టి, సన్నజల్లెడ పట్టి గాలి చొరని సీసాలో పెట్టుకోండి. రంగు ముదురాకుపచ్చగా, వాసన నిమ్మతొక్క, ఎండుగడ్డి కలిసినట్లు ఉంటుంది. మందులు కొట్టిన చెట్టు ఆకులు మాత్రం వాడకండి.

వాడే తీరులో ఒక్క జాగ్రత్త ఉన్నది. పొయ్యి మీద మరుగుతున్న పులుసులో ఫీలే వేస్తే తీగలు సాగుతుంది, ఆ గిన్నెను ఇక ఎవరూ ముట్టరు. పొయ్యి కట్టేసి, మరుగు ఆగిన తరువాత గిన్నెకు ఒకటి రెండు చెంచాలు చల్లి కలపాలి, లేదా వడ్డించాక ఎవరి కంచంలో వారు చల్లుకోవాలి. మా ఇంట్లో రొయ్యల పులుసుకు చింతపండు తగ్గించి, చివర ఫీలే చల్లడం అలవాటైంది. గోదావరి జిల్లాల బంధువులు వచ్చినప్పుడు పేరు చెప్పకుండా పెడతాము, ఇంతవరకు ఎవరూ మిగల్చలేదు.

విశాఖ మేడతోట

చర్చ ఆసక్తిగా ఉన్నది. మా అన్నయ్యగారు న్యూజెర్సీలో ఉంటారు. ఆయన వచ్చేటప్పుడు కాయలు తెప్పించుకుని విశాఖపట్నంలో పెంచే అవకాశం ఏమైనా ఉన్నదా? విత్తనాలు మొలిపించే పద్ధతి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

పీడ్‌మాంట్ మట్టి

విశాఖ మేడతోట గారూ, రెండు కారణాల వల్ల వద్దని చెప్పక తప్పదు. విదేశీ విత్తనాలను, మొక్కలను దేశంలోకి తేవడానికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, సంచిలో పెట్టుకుని రావడం కుదరదు. రెండవది, చలికాలంలో ఆకు రాల్చి నెలల తరబడి నిద్రపోవడం ఈ చెట్టు జీవితంలో భాగం. విశాఖ తీరంలో ఆ చలి దొరకదు. దీని చుట్టాలు చైనాలో, తైవాన్‌లో ఒక్కొక్క జాతి ఉన్నాయి, అవి కూడా చల్లని కొండల చెట్లే. సువాసన ఆకు కోసమే అయితే ఇదే లారేసి కుటుంబానికి చెందిన దాల్చినచెక్క మొక్కను పెద్ద తొట్టిలో, సగం నీడలో పెంచండి. స్థలం ఉన్నవారు తూర్పు కనుమల్లో సహజంగా పెరిగే నరమామిడిని పెట్టుకోవచ్చు. అగరుబత్తీలకు జిగురుగా వాడే బెరడు కోసం ఆ చెట్టును అడవుల్లో విచక్షణ లేకుండా చెక్కివేస్తున్నారు కాబట్టి, ఇంటి ముంగిట ఒకటి పెరిగితే మంచి పనే అవుతుంది.

విత్తనం పద్ధతి అమెరికాలో ఉన్నవారికి ఉపయోగపడుతుంది కనుక చెబుతాను. కాయ నల్లని నీలిరంగుకు తిరిగిన వెంటనే పక్షుల కన్నా ముందు కోయాలి. గుజ్జును పూర్తిగా కడిగివేసి, గింజలను తడి ఇసుకలో కలిపి, సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో నాలుగు నెలలు ఉంచాలి. ఇసుక పిడికిట పిసికితే నీళ్లు కారకూడదు, కాని తడి మాత్రం తెలియాలి. వసంతంలో తీసి అరంగుళం లోతున లోతైన కుండీల్లో నాటాలి, తల్లివేరు దిగాలి కనుక లోతు తక్కువ పళ్లేలు పనికిరావు. శరత్కాలంలోనే నేరుగా నేలలో నాటి చలిని ప్రకృతికే వదిలేయవచ్చు గాని, అప్పుడు పైన సన్నని తీగజాలీ పరచకపోతే ఎలుకలు, ఉడుతలు గింజలు మిగల్చవు.

సవానా తీరం

ఇంతసేపూ ఎవరూ ప్రస్తావించని ఒక విషయం చెప్పవలసి ఉన్నది. మా జార్జియాలో ఈ చెట్టు పెట్టేముందు అందరూ ఆలోచించేది లారెల్ విల్ట్ అనే ఎండుతెగులు గురించి. ఆసియా నుంచి వచ్చిన రెడ్‌బే ఆంబ్రోసియా పెంకుపురుగు 2002లో సవానా ఓడరేవు పక్కన పోర్ట్ వెంట్‌వర్త్ వద్ద మొదటిసారి పట్టుబడింది. రెండు మిల్లీమీటర్ల పొడవున్న ఆ పురుగు చెట్టులోకి తొలుచుకుపోతూ తనతోపాటు ఒక శిలీంద్రాన్ని తీసుకువెళుతుంది. ఆ శిలీంద్రాన్ని ఎదుర్కోవడంలో చెట్టు తన నీటి నాళాలను తానే మూసివేసుకుంటుంది, వారాల నుంచి నెలల్లో ఎండిపోతుంది. సాసఫ్రాస్ కుటుంబానికే చెందిన రెడ్‌బే చెట్లు తీరప్రాంతంలో కోట్ల సంఖ్యలో దీనికి బలయ్యాయి. సాసఫ్రాస్‌కు, అవకాడోకు కూడా ఇది సోకుతుంది. మీ ఉత్తర కరొలినాలో రాష్ట్రపు ఆగ్నేయ భాగంలో 2011లో బయటపడింది. ఆ తరువాత సాసఫ్రాస్ ఎక్కువగా ఉన్న కెంటకీ, టెన్నెస్సీ వంటి లోపలి రాష్ట్రాలకూ చేరింది.

దీనిని చూసి నాటడం మానుకోమని నేను చెప్పను. గుర్తుపట్టడం మాత్రం నేర్చుకోండి. నిండు వేసవిలో, నీళ్లకు కొరత లేకుండానే ఒక కొమ్మ ఆకులన్నీ వాడి వేలాడితే, ఆ కొమ్మ బెరడును కత్తితో కొద్దిగా చెక్కి చూడండి. లోపలి తెల్లని చెక్క మీద నల్లటి చారలు ఉంటే, లేదా కాండం మీది సన్నని రంధ్రాల నుంచి పళ్లపుల్లల్లా పొట్టు పొడుచుకువచ్చి ఉంటే, వెంటనే కౌంటీ ఎక్స్‌టెన్షన్ కార్యాలయానికి ఫొటోలతో తెలియజేయండి. నరికిన చెక్కను ఊరు దాటించకండి. ఈ పురుగు తన రెక్కల మీద కన్నా మనుషులు కార్లలో వేసుకుపోయే వంటచెరకు ద్వారానే ఎక్కువ దూరాలకు పోయింది. శిబిరాలకు వెళ్లేటప్పుడు చలిమంట కట్టెలు ఇంటి నుంచి తీసుకువెళ్లే మన మిత్రులకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి.

బ్లూరిడ్జ్ నీడ గారి గుంపు ఆలోచన నాకూ నచ్చింది గాని, అందులో ఒక లోపం ఉన్నది. గుంపులోని కాండాలన్నీ వేళ్ల ద్వారా కలిసి ఉంటాయి కాబట్టి, ఒకదానికి సోకిన తెగులు వేళ్ల వెంట మిగిలినవాటికి పోగలదు. తెగులు మీ కౌంటీకి చేరకపోతే గుంపుగా పెంచండి, చేరితే ఒంటి చెట్టే నయం.

కేరీ పెరడు

ఇంత ఓపికగా వివరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. కౌంటీ కార్యాలయంలో మట్టి నమూనా పెట్టెలు తెచ్చుకున్నాను, తెగులు గురించి కూడా అక్కడ అడిగి వస్తాను. నవంబరులో కుండీ మొక్క ఒకటి నాటి, మొదట ఒంటి చెట్టుగానే పెంచుతాము. అత్తగారికి బాయూ వంటిల్లు గారి సమాధానం చదివి వినిపించాను. కషాయం మాట వదిలేశారు గాని, రొయ్యల పులుసులో చింతపండు తగ్గించడం గురించి మాత్రం ఆమెకు గట్టి అభ్యంతరమే ఉన్నది.

చివరిగా ఒక్క సందేహం. పచ్చిక చూసుకోవడానికి వచ్చే సంస్థవారు, పిలకలు లేస్తే కలుపుమందు కొట్టేస్తాము, చేత్తో తీయనవసరం లేదని అంటున్నారు. అలా చేయవచ్చునా?

బ్లూరిడ్జ్ నీడ

చేయనివ్వకండి. పిలక విడి మొక్క కాదు, దాని వేరు మీ చెట్టు వేరే. గ్లైఫోసేట్ వంటి మందును ఆకు పీల్చుకుని వేళ్లకు పంపుతుంది, పిలక మీద కొట్టినది తల్లిచెట్టుకు చేరి దానినీ దెబ్బతీస్తుంది. పచ్చికలో వెడల్పాటి ఆకుల కలుపును చంపడానికి ఎరువుతో కలిపి చల్లే గుళికలు కూడా చెట్టు వేళ్లకు అందే మేర చల్లకూడదు. వేళ్లు కొమ్మల నీడను దాటి చాలా దూరం పోతాయని వారికి ముందే చెప్పి, మల్చ్ పరచిన వలయానికి బయట పది అడుగుల దాకా మందు గాని, సున్నం గాని పడకూడదని మీ ఒప్పందంలో రాయించండి. చెట్టు పెరిగేకొద్దీ ఆ దూరాన్ని పెంచుతూ పోవాలి.